కాడ పొడుగుంచి కోయాలి

మా మేనత్త వరాలు పువ్వుని తొడిమ దగ్గర గిల్లేది.
దండకి, జడకి, పటానికి
కాడతో పనేముందనేది.
నేను జానెడు కాడ ఉంచి కత్తెరేస్తాను.
ఇన్నేళ్ళయినా ప్రతిసారీ
ఆవిడ చూస్తోందేమోనని ఒకసారి వెనక్కి తిరుగుతాను.

మొగల్తూరు దాటాక, ఉప్పుటేరుకి ఇవతల
మా పోస్టాఫీసు: ఒక గది, ఒక కిటికీ,
ఒక తూకం, నేను.
కిటికీలో హార్లిక్స్ సీసా.
సోమవారం సోమవారం అందులో నా పెరడు కొంచెం.

భీమవరంలో సెలోఫెన్ చుట్టి అమ్మేదాన్ని బొకే అంటారు.
మంత్రిగారి చేతికిచ్చేది పుష్పగుచ్ఛం.
దీనికి పేరు లేదు.
తనిఖీకొచ్చిన ఇనస్పెక్టరు సీసా చుట్టూ తిరిగి
"ఇది ఏ పద్దు కింద రాశారండీ?" అన్నాడు.

వేసవిలో నూరువరహాలు రెండు గుత్తులు చాలు,
కొమ్మ మీదే కట్టుకుని వస్తాయి, నా చేతికి పనివ్వవు.
మల్లెలు పెట్టను. మల్లెకి కాడెక్కడిది?
పైగా ఒక మే నెలలో
ఎవరింటికో కరెంటు బిల్లు ఘుమఘుమలాడుతూ చేరిందట.
చంద్రకాంతలూ పెట్టను,
ఆఫీసు వేళంతా నిద్రపోయి
నేను తాళం వేశాక కళ్ళు తెరుస్తాయి.

నాలుగు వానలు పడ్డాక సీసా ఇరుకు.
మెట్టతామర మధ్యలో నిలబడి ఎవర్నీ కూర్చోనివ్వదు.
శంఖుపూల తీగని అంచు మీంచి కిందికి వదుల్తాను,
నందివర్ధనం రెమ్మ ఒకటి, సందులో కరివేపాకు,
అన్నిటినీ కలిపి అరటినారతో ఒక్క ముడి,
గట్టిగా కాదు,
పసిదాని జుట్టుకి వేసినట్టు.
కార్తీకంలో సీతమ్మజడ, బంతి,
చలికి చేమంతి.
అలా అని చెప్పుకునేదాన్ని.

తూర్పు చేను రొయ్యల చెరువయ్యాక
మా బావి నీళ్ళు నాలికని కరిచాయి.
ముందు గులాబీ వెళ్ళిపోయింది, చెప్పాపెట్టకుండా.
మరుసటేడు చేమంతి ఆకుల అంచులు
కాల్చిన కాగితంలా ముడుచుకున్నాయి.
బిళ్ళగన్నేరు మాత్రం
ఏమీ జరగనట్టు పూసింది. దాని మీద కోపమొచ్చింది నాకు.
ఆ సోమవారం కత్తెర పట్టుకుని
ఆ చెరువు గట్టు మీదికే వెళ్ళాను.
గట్టంతా గడ్డిచేమంతి.
ఎవరూ నాటనిది, ఎవరూ కట్టనిది,
ఎంత పొడుగు కాడ దానికి!

పింఛన్ల రోజు, చేపల గంప బయట దించి
బలుసులమ్మ వచ్చింది.
వేలిముద్ర వేసి, డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి
సీసాకేసి చూసింది.
"ఒకటి తీస్కోనా?"
నేను ఊ అనేలోపే
నడిమి బిళ్ళగన్నేరుని తొడిమ దగ్గర గిల్లి
ముడిలో దోపుకుంది.
అచ్చం మా మేనత్త గిల్లినట్టు.
తెల్లటి రేక మీద ఊదా సిరా.
కాడ ఒక్కటీ సీసాలో మిగిలింది, తల లేకుండా.
సాయంత్రం దాకా దాన్ని తియ్యలేదు.

పై నెల మళ్ళీ వచ్చింది.
తడిగుడ్డ విప్పి, ముళ్ళు తప్పించి
ఒక మొగలిపొత్తు బల్ల మీద పెట్టింది.
"నీ సీసాలో ఇది లేదుగా."
సీసా మూతిలో అది పట్టలేదు.
టపా సంచి తగిలించే మేకుకి కట్టాను.
ఆ రోజు మా ఊరి నుంచి పోయిన ఉత్తరాలన్నీ
సగం మొగలి, సగం చేప.