ఉడుకు లెక్క

ట్యాంకరు వచ్చి పైపు ఇప్పంగనే
ఎవరింటిదని నేనడుగ.
హంటర్ రోడ్డు డాక్టరుదైనా
ఉర్సుగుట్ట కింది కిరాయి అర్రలదైనా
ఇసుక మడిల ఒక్కతీరుగనే పారుతది,
ఒక్కతీరుగనే ఎండుతది.
ఎండకాలమైతే తొమ్మిది దినాలు.
ముసురు పట్టిందంటే
రేకుల కింద పదిహేను దినాలైనా పచ్చిగనే,
పార పెడితే అతుక్కుంటది
పోనని కూసున్న చుట్టం లెక్క.

అవుతలి షెడ్డుల జాహెదా
బెల్టు ముంగట నిలవడి కవర్లు ఏరుతది.
పాల ప్యాకెట్లు, పత్తి గింజల సంచులు.
తెల్ల పైపు ముక్క కలిస్తే
బట్టీల విషం పుడుతదట,
దాన్ని గోటితో గీకి పట్టుకుంటది.
జాతరయినంక మేడారం నుంచి లారీ వచ్చింది,
అన్నీ బెల్లమంటిన కవర్లు,
ఈగలు ఆన్నుంచి ఈడిదాక ఎంబడే వచ్చినయి.
"మీ బంగారం నా చేతులకంటింది మొగిలన్నా"
అని నవ్వి వేళ్ళు విడదీస్తే
సప్పుడొచ్చింది.

రెండూ కలిపి మిషన్ల ఒత్తితే
బొటనవేలంత బిళ్ళలు,
నల్లగ, మెరుపు లేకుంట.
ఒకటి ఇంటికి తెస్తే మా అవ్వ అన్నది:
"పిడకనే గదరా,
బర్రెది పోయి మనిషిది వచ్చింది."

ల్యాబు పిల్లగాడు ప్రణీతు
ఒక్క గ్రాము స్టీలు గిన్నెల బిగించి
కాలవెట్టి, నీళ్ళెంత ఉడుకెక్కినయో చూస్తడు.
మూడు వేల తొమ్మిది వందలని రాసి
"బొగ్గుకు దగ్గరికొచ్చినం కాకా"
అని భుజం తట్టబోయి
నా బనీను చూసి చెయ్యి గుంజుకున్నడు.
ఏమనుకున్నడో, మళ్ళొచ్చి తట్టిండు.

ఆ అంకెతోని నాకేం పని అనుకున్న.
రాత్రి నిద్రపట్టలే.

మా బాపు కొంరెల్లి
శివనగర్ల ఒక ఇంటెనుక బండ జరిపి దిగిండు.
నాకు పన్నెండేండ్లు, తాడు నా చేతిలనే.
తాడు బరువెక్కింది.
పిలిస్తే పలుకు రాలే.
ఇంటాయన మూడు నోట్లు ఇచ్చిండు గని
అండ్ల ఎంత గాలున్నదో ఎంత లేదో
ఎవ్వలూ లెక్కగట్టలే.
ఇయ్యాల గదే బురద
గ్రాముకింత అని పలుకుతాంది.

శనివారం పెద్దపల్లి అవుతలి సిమెంటు బట్టీకి
లోడు పోతాంటే నేనూ ఎక్కిన.
కన్నంత అద్దంలకెళ్ళి చూడనిచ్చిండ్రు.
మంట తెల్లగున్నది.
ఏది డాక్టరుదో, ఏది బెల్లం కవరో,
బాపు దిగినసొంటిది ఏదో
ఆనవాలు లేదు.
వాసన గుడ లేదు,
గదే నమ్మబుద్ధి కాలే.

వచ్చేటప్పుడు రెండు బస్తాలు కొన్న.
మా ఇంటెనుక గుంతకు మూత పొయ్యాలె.
పైపు పట్టేంత బొర్ర చాలు,
మనిషి పట్టొద్దు.
మేస్త్రీకి చేతితోని కొలత చూపిచ్చిన.
ఆయన గీత గీసినంక
ఇంకింత చిన్నగ చెయ్యమన్న.

ఖాళీ బస్తాలు దులిపి జాహెదాకిచ్చిన.
గోటితో గీకి చూసి
కాలేదాంట్ల ఏసింది.