గుండు చెరువు చేప

ఎనుమాముల యార్డుల కాంటాలు బందయినంక
మిర్చి ఘాటు ముక్కుల్నే ఉంటది.
ఎన్ని నీళ్లు కొట్టినా పోదది.
దానికి విరుగుడు ఇంకో ఘాటే అనుకొని
బండి ఖిలా దిక్కు తిప్పుత.

మట్టికోట మలుపు దాటంగనే గాలి మారుతది.
ముందుగాల తుంగ వాసన,
దాని ఎనుక కాగుతున్న పల్లినూనె,
ఆ రెంటి నడుమ సారక్క గొంతు:
"కూసోరాదు, గుర్రం లెక్క నిలవడి తింటవా!"

కూసునేటందుకు కుర్చీల్లేవు.
ఏడొందల ఏండ్ల కింద ఎవడో చెక్కితే
ఏ తోరణానికీ అందక మిగిలిన రాయుంది.
సగం హంస. సగం మాకు బల్ల.
దాని మెడ కాడ నిమ్మచెక్క పెడుత నేను.
మొగిలన్న రెక్క మీద ఈతకల్లు గిలాస ఆనిస్తడు.
పురావస్తు జవాను యాకూబ్ పాషా వచ్చి
"రాతిని ముట్టొద్దు" అని ఒక్కసారి చదివి
డ్యూటీ అయిపోయినట్టు
మా పక్కన్నే జరిగి కూసుంటడు.
ఆయన కల్లు తాగడు.
మక్కగారె మాత్రం మా అందరికంటె రెండెక్కువ తింటడు.

బండికి నీలం రంగు బోర్డు:
"గుండు చెరువు తాజా చేపలు".
ఐసుపెట్టె మీద ఆకివీడు పేరు చూసింది నేనే.
ఒకనాడు ఉండబట్టక అడిగిన,
అక్కా, గివి మన చెరువువి గాదు గదా అని.
గరిటె ఆపలే ఆమె.
"మన చెరువు గాలి తాకిందా లేదా?
మన కట్ట పొంటి కాలిందా లేదా?
నువ్వు నీళ్ల దిక్కు మొకం పెట్టి తింటున్నవా లేదా?
ఇంకేం గావాలెరా నీకు,
చేపకు ఆధార్ కార్డా?"

నవ్వీ నవ్వీ మొగిలన్నకు కల్లు ముక్కులకొచ్చింది.
చెరువేమో గుర్రపుడెక్క కప్పుకొని
అన్నీ ఇన్నట్టే, ఏదీ ఇననట్టే ఉన్నది.

ఇగ మొన్న ఆశ్లేష కార్తెల
మూడొద్దులు మొగులు దిగలే.
నాలుగో రాత్రి మత్తడి దుంకింది.
తొవ్వ మీద మోకాలు మంటి నీళ్లు,
నీళ్లల్ల చేపలు!
స్ట్రీట్ లైట్ కింద తళుక్కున మెరిసి
మోటార్ల చక్రాల నడుమ ఎగురుతున్నయి.
ఒకడు దోమతెర పట్టిండు, ఒకడు లుంగీ,
ఇస్కూలు బ్యాగు బోర్లించి పుస్తకాలు పారేసిందో పిల్ల.
యాకూబ్ పాషా సర్కారు టోపీల
పాపెర చేపను పట్టి
చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చిండు.

సారక్క గొడుగు కింద పొయ్యి ముట్టించింది.
తడి కట్టెలు. కండ్ల నిండ పొగ.
పైసలియ్యబోతే చెయ్యి మీద గరిటెతోని కొట్టింది.
హంస వీపు మీద ఆనకు తడవని జాగ
జానెడంటే జానెడుంది,
మేం నలుగురం దాని సుట్టూ వంగినం.

మొదటి ముక్క నోట్లె పెట్టుకున్న.
ఒండ్రు వాసన.
పంటి కిందికి ముల్లు, నాలిక కిందికి ముల్లు.
మెత్తగుండదు, తియ్యగుండదు,
నమిలినకొద్దీ చెరువడుగు నోట్లెకొస్తున్నది.
"ఎట్లుంది?" అన్నది సారక్క.
ఇన్నేండ్లల్ల ఒక్కనాడడగలే ఆమె.
మొగిలన్న గొంతుల ముల్లు దిగి దగ్గుతున్నడు.
దగ్గుకుంటనే తలూపిండు.
నేను గూడ తలూపిన.
లారీ చేపే నయముండె అని
ఎవ్వని నోట రాలే.
ఉప్పు గూడ అడగలే ఎవ్వడు.

మల్ల శుక్రారానికి తొవ్వ ఎండింది.
ఐసుపెట్టె దిగింది, నీలం బోర్డు తుడుసుకున్నది,
చేప మెత్తగ, కమ్మగ, ముల్లు లేకుంట.
బోర్డు దిక్కు నేను సూసిన.
నేను సూసుడు సారక్క సూసింది.
ఇద్దరం ఏమనుకోలే.

యాకూబ్ పాషా ఆ రోజు
రాతిని ముట్టొద్దని చదవలే.
ముక్కు మీదికి అద్దాలు జార్చుకొని
హంస ఈకల సందుల ఇరుకున్న ముల్లునొకదాన్ని
గోరుతోని మెల్లగ తీస్తున్నడు.