ఏడో గడి

అడ్మిషన్ రిజిస్టరులో ఏడో గడి నాకు గిట్టదు.
పేరు రాస్తా, తండ్రి పేరు రాస్తా.
తెగ: యానాది. ఊరు: విడవలూరు అవతల, కాలవ కట్ట.
గుర్తులు: ఎడమ చెవి కింద పుట్టుమచ్చ,
మోకాలి మీద పీత కొరికిన గాటు.
అన్నీ బల్ల ముందు నిలబడే ఉంటాయి,
చూసి రాసుకోవడమే.
ఏడో గడి దగ్గర పెన్ను ఆగిపోద్ది.

"ఎప్పుడు పుట్టిందబ్బా, బిడ్డ?"
పోలయ్య తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చాడు.
"రొయ్యల గుంటలకి తెల్లమచ్చ తెగులొచ్చి
కాపలాలోంచి మమ్మల్ని ఎళ్ళగొట్టినేడు సార్.
అప్పటికి దీనమ్మ నిండు మనిషి."
శేషమ్మ ఒప్పుకోలా.
"ఆ ముందేడు. మలిదేవి పొంగి నారుమళ్ళు మునిగిపాయె గదా, అప్పుడు.
నీళ్ళు దిగిన మూడోనాడు, గట్టు మీదనే."
"పగలా, రాత్రా?"
"కప్పలు అరస్తా ఉండె."

కప్పలు అరిచే వేళకి కంప్యూటరులో చోటు లేదు.
బడి తెరిచింది జూన్ పన్నెండున.
పన్నెండు, సున్నా ఆరు అని వేశా.
ఏడాది, రాలిన పాలపళ్ళని బట్టి.

మా ఆశ్రమ బడిలో నూట పద్దెనిమిది మంది.
డెబ్బై మూడు మంది జూన్ పన్నెండున పుట్టారు,
ఒక్క మంత్రసాని చేతిలో.
ఆ మంత్రసానిని నేనే.
బొటనవేలికి ఇంకా సిరా ఉంది, చూడండి.

యాకసిరి మస్తానమ్మ, మూడో తరగతి,
పెట్టె మీద పసుపు రంగుతో నలభై ఆరు.
మంచమిస్తే తెల్లారేసరికి మంచం కింద ఉండేది,
పెట్టెకి వీపు ఆనించి.
గుడ్డు పెట్టిన రోజు సొన తిని
తెల్లది గౌను జేబులో దాచింది, తమ్ముడికని.
అమ్మానాన్నలొచ్చేది ఆదివారం. అది బుధవారం.
గుడ్డు అన్నాళ్ళు ఆగదని ఎవరు చెప్పాలి?
వంటామె చెప్పలా. నేనూ చెప్పలా.
వాసనే చెప్పింది.

మరుసటేడు బడి తెరిచిన రోజు
కొత్తగా వచ్చిన టీచరమ్మ ప్రార్థనలో అడిగింది,
"ఇవాళ పుట్టినరోజు ఎవరిదో చేతులెత్తండి."
దుక్కిలోంచి కొంగలు లేచినట్టు లేచాయి చేతులు.
పాపం, ఆమె తెచ్చిన చాక్లెట్లు పది.
మస్తానమ్మ చెయ్యి మాత్రం లేవలా.
"నీది కూడా ఇవాళేనే, లిస్టులో ఉంది!"
"అది సార్ రాసింది మేడం.
నాది వేరే ఉండాది."

కార్తీకంలో ముసురు పట్టింది.
నాలుగు రోజులు తరగతి గదుల్లోనే అన్నాలు.
పొద్దున పాలబ్బాయి క్యాను దించగానే
ఈ పిల్ల గేటు దగ్గర ఒకటే మాట,
"మలిదేవి దిగిందా అన్నా?"
నేనేదో చేపల కోసం అనుకున్నా.

ఓ రాత్రి కరెంటు లేదు.
కొవ్వొత్తి పెట్టుకుని బియ్యం లెక్క రాస్తుంటే
కిటికీ ఊచల మధ్య తడిసిన మొహం.
"సార్, ఈ పొద్దే."
"ఏందే?"
"మూడోనాడు. వినపడతాండాయి గదా."

అప్పుడు విన్నా.
ప్రహరీ అవతల మడుగంతా ఒకటే బెకబెక.
ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో కూర్చుంటున్నా,
అదొక చప్పుడని కూడా అనుకోలేదు ఏనాడూ.

నాది జూలై ఒకటి, మా అయ్యవారు వేసింది.
అసలుది అమ్మని అడుగుదామనుకుంటానే ఉన్నా.
ఆమె పోయి పదకొండేళ్ళు.

సొరుగులో బిస్కెట్లు మూడే ఉన్నాయి.
రెండు తీసుకుని, ఒకటి నా వైపు జరిపింది.

ఏడో గడి కొట్టేయడానికి లేదు.
కొట్టేస్తే సంతకం, సంతకానికి సంజాయిషీ.
పిల్ల పోయాక పేజీ తీసి
గుర్తుల గడిలో, పీత గాటు కింద
ఒక్క మాట చేర్చా.

మార్చిలో ఆడిటరు వేలు పెట్టి ఆగాడు.
"ఇదేందయ్యా, కప్పలు?"
"గుర్తు, సార్," అన్నా.
కళ్ళజోడు పైకెత్తి ఓసారి నన్ను చూసి
ఆకుపచ్చ సిరాతో టిక్కు పెట్టాడు.