ఎనభై రెండు దగ్గర

పడుకోబోయే ముందు
పాల క్యాన్లు కడిగి బోర్లించి, పిల్లిని లోపలికి పిలిచి,
ఫోన్లో ఒక ఆకుపచ్చ గీతను వేలితో జరుపుతాను.
ఎంతవరకు? అని అడుగుతుంది కారు,
వడ్డించే గరిటె గాల్లో ఆపి
మొహంలోకి చూసే మనిషిలాగా.

మొదటి చలికాలం నూరు అనేదాన్ని.
నూరంటే నూరే.
అప్పు చేసి కొన్న బండి, కడుపు మాడ్చడం దేనికి?

మా ఊరు స్విట్జర్లాండు కొండల్లో, ఒక వాలు నెత్తిన.
రైలు స్టేషను తొమ్మిది వందల మీటర్ల కింద.
నడుమ ఇరవై మూడు మలుపులు.
తెల్లవారుజామున ఐదింటికి వెనక సీట్లు మడిచి
నలభై చీజ్ చక్రాలు పేర్చుకుని దిగేదాన్ని,
చీకటి, మంచు, నా దీపాల ముందు ఎప్పుడూ ఒక నక్క.

పదో మలుపు దాటేసరికి కాలిన వాసన.
చీజ్ అనుకున్నాను. కాదు, బ్రేకులు.

ఫ్లూరిన్ చక్రం విప్పి, వేళ్లు గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు:
"పీకల దాకా నింపి కొండ దిగుతున్నావు, లదీనా.
దిగేటప్పుడు కొండ నీకు కరెంటు ఇస్తుంది.
పెట్టుకోవడానికి నీ దగ్గర చోటేదీ?"

నిండు కుండ తొణకదు, నిజమే.
ఇంకో చుక్క పుచ్చుకోదు కూడా.
ఈ రెండో మాట నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి ఎనభై రెండు దగ్గర ఆపాను.
పొద్దున్న మలుపు మలుపుకీ బండి మెల్లగా మూలిగింది,
బరువు మోస్తున్న గేదెలా కాదు,
పితికించుకుంటున్న గేదెలా.
స్టేషన్లో చూస్తే ఎనభై ఆరు.
దూరీ టిక్కెట్ల కిటికీలోంచి తల బయటపెట్టి
దారిలో చార్జరు ఎక్కడుందని అడిగాడు.
వెనక్కి చూపించాను.
కొండ తప్ప ఏమీ లేదక్కడ.

ఎంతవరకు అన్నది అలా తేలింది.
ఎంత వేగంగా అన్నది తేలడానికి
మరో చలికాలమూ, పదకొండు గుడ్లూ పట్టాయి.

మా మూడిళ్లకీ ఒకటే తీగ,
మా అందరికన్నా వయసులో పెద్దది.
ఫిబ్రవరిలో ఒక రాత్రి నా కారు పదహారు ఆంపియర్లు గుంజుతోంది,
బాల్జర్ నేల కింద వేడినీళ్లు తిప్పుతున్నాడు.
రెండింటికి ఫ్యూజు ఎగిరిపోయింది.
నాకు తెలియదు, నిద్రలో ఉన్నాను.
పక్కింటి మెంజియా గుడ్లు పొదిగే పెట్టె
తెల్లారేదాకా చల్లబడుతూనే ఉంది.

ఆమె వచ్చి తలుపు కొట్టలేదు. కేక వేయలేదు.
కారు బానెట్ మీద, సరిగ్గా నడిమధ్య,
ఒక గుడ్డు పెట్టి వెళ్లింది.
గోధుమరంగుది. మంచుగడ్డలా ఉంది.
జేబులో వేసుకుని కొండంతా దిగాను.
ఆ పూట ఎంత పోగయిందో చూడలేదు.

అప్పటి నుంచి ఆరు ఆంపియర్లే.
పది మొదలు ఆరు దాకా, సన్నగా, దగ్గు మందు తాగించినట్టు.
ఫోను సంస్థవాళ్లు మరింత వేగం కావాలా అని అడుగుతుంటారు.
ఫ్యూజు మూత మీద బాల్జర్ పెన్సిల్‌తో రాసిపెట్టాడు:
ఎవరికి ఎన్ని, ఎన్నింటి నుంచి.
నా పేరు రెండోది. మెంజియాది పైన,
చుట్టూ ఒక గుండ్రని గీతతో.

ఇవాళ ఆమె పెట్టెలో ఇరవయ్యో రోజు.
సాయంత్రం చెవి ఆనించి వినమంది.
లోపల ఎవరో గోడను గోటితో గీరుతున్నారు.

బయట మైనస్ పంతొమ్మిది. బాల్జర్ పొయ్యి గట్టిగా నడుస్తోంది.
గీత మీద వేలు పెట్టి కాసేపు నిలబడి
తీగ పీకేశాను.
అరవై ఒకటి ఉంది.
దిగడానికి చాలు.
ఎక్కడం సంగతి రేపు చూద్దాం.