సుద్దగీతలు

పొద్దున ఐదుంబావు.
మిర్యాలగూడ ఇంకా బాయిలర్ ఆవిరిలనే ఉంది.
అంగీ జేబుల చెయ్యి పెడితే
బీడికట్ట జాగల
పిడికెడు ఏంచిన చింతగింజలు.
మా చిన్నది పోసింది, రాత్రి నేను పండుకున్నంక.

మిల్లు గేటుకాడ జానిమియా.
"అగ్గిపెట్టె ఇటియ్యి," అన్నడు, సలాం గూడ లేకుండ.
ఇచ్చిన.
ఇరవై ఆరేండ్ల సంది
ఎడమ తొడకు తగిలే డబ్బ.
పన్నూడిన సందుకు నాలికె పోయినట్టు
చెయ్యి ఊకె ఆడికే పోతాంది.

జానిమియాకు ఇది నలభై మూడో రోజు.
ముత్తిలింగానికి పదకొండు.
నడిమిట్ల ఒకపారి జారిండు,
జారినట్టు చెప్పుకున్నడు, దాయలే.
నాకు సున్న.
సున్న అంటే సిగ్గయితాందిరా అంటే
"లారీ గూడ సున్నకెల్లే నిండుతది" అన్నడు ముత్తిలింగం.

తొలి లారీ ఆరు గంటలకు.
తొలి యావ ఆరూ పదికి.

ఆకలి కాదది, దూప కాదు,
ఎవడో లోపలికెల్లి పేరు పెట్టి పిలిచినట్టు.
చేతులల్ల చీమలు,
నోట్లె ఇనుము రుచి.
కాంటా గుమాస్త "ఒక బస్తా తక్కువొచ్చింది" అన్నందుకు
వాని గల్ల పట్టబోయిన.
జానిమియా నడిమిట్లకొచ్చి
"లెక్కవెట్టు" అన్నడు, "తప్పులు కాదు, బస్తాలు."
ఒకటి.
రెండు.
మూడు.
పద్దెనిమిదో బస్తాకు
పిలిచేటోడు అలిసి ఊకున్నడు.

గోదాం గోడ మీద
మేస్త్రి లారీలకు గీసే గీతల పక్కన్నే
సుద్దముక్కతోటి ఇంకో గీత.
"ఇది నీది."

పదిన్నరకు చాయ్.
అన్నింటికన్న కష్టం అదే.
చాయ్, బీడి నా నోట్లె కవలపిల్లలు,
ఒకదాన్ని రమ్మంటె రెండోది ఎంటబడి వస్తది.
బాయిలర్ ఎనక గోడకాడ మనోల్లే నలుగురు, పొగల.
నన్నడగకుంటనే కాళ్లు అటు తిరిగినయి.
ఊక ఊడ్చే ఈదమ్మ అడ్డమొచ్చి
మజ్జిగ చెంబు చేతిల పెట్టింది.
"నేను తంబాకు మానిననాడు
గోడకు తలకాయ కొట్టుకున్న కొడుకా,
గోడ ఇంకుంది సూడు,
తలకాయా ఉంది."

నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది.
దగ్గితే పడ్డదాన్ని
ముగ్గురం వంగి చూసినం,
ఎవ్వరం ఏమనలే.
రెండో గీత.

పెద్ద మాటలు ఎవ్వరు చెప్పలే.
బిడ్డ మీద ఒట్టు పెట్టియ్యలే.
వడ్లబస్తా ఎవ్వడూ
తనంతల తాను వీపుకెత్తుకోడు,
ఇద్దరు చెరో చెవి పట్టి లేపితేనే
మూడోడు నడుస్తడు.
నడిచేది మాత్రం వాడే.
ఈ సంగతి హమాలీలకు ఒకలు చెప్పాల్నా?

పగటీలి మూడుకు, రేకుల మీద ఎండ
పేలాలు ఏంచుతాంటె
ముత్తిలింగం వచ్చి పక్కన కూలబడ్డడు.
"నాకూ వచ్చిందిరా."
"పదకొండు రోజులైనంక గూడనా?"
"వస్తది. గని ఇప్పుడు తలుపు కొట్టి వస్తది."
ఈపారి చింతగింజలు నేనిచ్చిన.
ఇద్దరం పటపట కొరికినం.
ఆ గీత ఎవరి లెక్కల రాయాల్నో తెల్వక
ఇద్దరి నడుమ గీసిండు జానిమియా.

మాపటికి తొమ్మిది.
మిల్లు చిమ్నీ మాత్రం మానలే,
ఊరంతటి మీద ఊదుతనే ఉంది.
"దానికి జానిమియా దొరకలే పాపం,"
అన్నది ఈదమ్మ, చీపురు దులుపుకుంట.

రాత్రి ఒంటిగంట.
ఇంట్ల అందరు నిద్ర.
అగ్గిపెట్టె లేదు గని
పొయ్యికాడ లైటరున్నది,
గల్లీ కొసకు పాన్‌డబ్బ తెరిచే ఉన్నది.
చెప్పులేసుకున్న.
విడిచిన.
ఫోన్ కొట్టిన.

రెండో గంటకే ఎత్తిండు.
ఏం మాట్లాడాల్నో నాకు తెల్వదు,
వాడూ ఏమనలే.
అటు దిక్కు ఊపిరి, ఇటు దిక్కు ఊపిరి,
రెండిండ్లకూ ఇనబడుకుంట
గుంటూరు దిక్కు పోయే గూడ్సు.
డబ్బలు లెక్కవెడుతున్నట్టున్నడు,
"నలభై ఒకటి," అన్నడు మెల్లగ.

"నలభై రెండు,"
అన్న నేను.