మాడు

పందొమ్మిదేళ్లుగా గుంటూరు కొత్తపేటలో
ఒక మేడ మీద, చీకటి గదిలో కూచుని
పొట్టల మీద జెల్లు రాస్తున్నాను.
నా వెనక గోడకి ఎర్రక్షరాల బోర్డు:
ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు.
ఇవాళ ఆ బోర్డు కింద
ఏసోబు తల వంచి కూచున్నాడు.

మిర్చి యార్డులో కాటా దగ్గర బరువులు కేకేసేవాడట.
ఏటుకూరు రోడ్డులో లారీ వెనక్కొచ్చిన రాత్రి
ఎడమ పక్క కపాలం అరచేయంత నుజ్జయింది.
తీసిన ముక్కని మళ్లీ అతికిద్దామంటే చీము పట్టింది.
"తలరాతున్న ముక్కేనమ్మా పారేసింది,
ఈ కొత్తదాని మీద ఎవరు రాస్తారో"
అంది వాళ్ల చెల్లెలు సువార్త.
డాక్టరు గారు నవ్వలేదు.
నేను నవ్వి, చూపు తిప్పుకున్నాను.

ఎముక శబ్దాన్ని గుమ్మంలోనే నిలబెట్టి
వచ్చిన దారిన పంపేస్తుంది.
ఈ కొత్త ముక్క మాత్రం లోపలికి రమ్మంటుంది.
నాకు తెలిసిన మాటలో చెప్పాలంటే
నలభై ఆరేళ్ల మనిషికి
మళ్లీ మాడు పెట్టారు.

పసివాళ్ల మాడు నాకు తెలుసు.
నెలలు నిండకుండా పుట్టినవాళ్లని
దూదిలో చుట్టి తెస్తారు.
ఆ మెత్తటి చోట ప్రోబు ఆనిస్తే
లోపలంతా వాన వెలిసిన చేనులా ఉంటుంది.
ఏడాదిన్నరకి ఆ కిటికీ మూసుకుపోతుంది.
మా అమ్మ చంటిదాని నెత్తిన ఆముదం అద్దుతూ అనేది:
మాడు పూడాకే
మనిషి తన సంగతి తను దాచుకోడం నేర్చేది.

జెల్లు చల్లగా తగిలి ఏసోబు భుజాలెగరేశాడు.
కత్తిరించిన వెంట్రుకలు ప్రోబు కింద గరగరమన్నాయి.
ముందు బూడిద. తర్వాత మడతలు.
తర్వాత నెత్తురు.
నా వైపొచ్చేది ఎరుపు, తిరిగెళ్లేది నీలం.
"కల్లంలో కాయలారబోసినట్టుంది" అంది సువార్త.

"లెక్కపెట్టు" అన్నారు డాక్టరు గారు,
"పైకి కాదు, మనసులో."
దెబ్బ తగిలాక అతని నోట్లో ఒక్క అంకే మిగిలింది.
ఆకలైనా నలభై రెండు,
ఉక్కపోసినా నలభై రెండు,
నీ పేరేంటంటే కూడా.
పెదాలు కదల్లేదు.
తెర మీద ఓ మూల
మసగ్గా మొదలై
చిక్కగా ఎర్రబడింది.
ఎవరో అక్కడ టిక్కీలు దించుతున్నారు.
ఎవరో కాటా ముల్లు ఆగేదాకా
ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

అలా అనుకున్నాను. నేను చూసింది నెత్తురే.
వాకిట్లో జతలు చూసి
ఇంట్లోకి చుట్టాలొచ్చారనుకోడం లాంటిది.
ఎవరొచ్చారో, ఏం మాట్లాడుకుంటున్నారో
చెప్పులు చెప్పవు.

ప్రోబు తీశాక అతను నా మణికట్టు పట్టుకున్నాడు.
తెర వైపు గడ్డం చూపించి
"నలభై రెండు?" అన్నాడు
చివర్న రాగం తీస్తూ.
ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.
ఏముందమ్మా లోపల, ఎవరికీ చెప్పంలే అని
ఎంతమంది కొంగు పట్టుకు లాగారో.
తెలిసీ చెప్పకుండా ఉండటం నాకు అలవాటే.
ఇవాళ చెప్పడానికి ఏ చట్టమూ అడ్డు లేదు,
నాకే తెలీదు.

కిందెక్కడో మిరపకాయల బండి వెళ్లినట్టుంది,
గదిలో అందరం ఒకేసారి తుమ్మాం.

జెల్లు తుడిచాను.
వేలికి గట్టిగానే తగిలింది, మెత్తగా లేదు.
సువార్త సంచిలోంచి ఆముదం సీసా తీసి
"కుట్లు మానాయిగా, ఇక్కడ రాయొచ్చా?" అంది.
డాక్టరు గారు కాగితాలు తిరగేశారు.
వాటిలో ఆ ప్రశ్నే లేదు.

"రాయి" అన్నాను నేను.