సగం అథర్

తాళంచెవి ఉన్నది, తాళమే వినలేదు.
పంతొమ్మిదేండ్ల తుప్పు.
"ఇరగ్గొట్టు, లూమీ" అన్నది రయ్యా మేడం,
లోపల ఎవరో పండుకున్నట్టు, మెల్లగ.

నా పేరు లింబాద్రి.
రుస్తాక్ దాటినంక ఈ కొండల సందుల
అది ఎవరి నోట్లె నిలువలేదు, లూమీ అయింది.
లూమీ అంటే ఎండిన నిమ్మకాయ, కూరల వేస్తరు.
తప్పేం లేదు.
ఎనిమిదేండ్లు మస్కట్ ఎండల పరంజా మీద బతికినోన్ని,
పేరు సరిగ్గనే పెట్టిన్రు.

లోపల మేకపెంట, గబ్బిలాలు,
గూట్లె ఒక లాంతరు, అద్దం లేదు.
ఖర్జూర దూలాల మీద చెదలు గీసిన తొవ్వలు.
వాన దిగిన దిక్కు గోడ
మోకాళ్ళ మీద కూలబడ్డది.
ఇంజనీరు పిలగాడు వచ్చి, సిమెంటు పూద్దామన్నడు.
నేను గోటితోని గీకి చూసిన.
మన్ను, పొట్టు, మన్ను, పొట్టు.
మా మెట్‌పల్లి దిక్కు గోడలు పెట్టినట్టే.
"సిమెంటు వద్దు మేడం, దీనికి ఊపిరాడదు."
నా అరబీల ఊపిరి అనే మాట లేదు,
ముక్కు మూసుకొని చూపెట్టిన.
ఆమె నవ్వింది. ఇంజనీరు నవ్వలేదు.

పదకొండు దినాలు మన్ను తొక్కినం,
నేనూ, బంగ్లాదేశ్ షఫీకులూ.
ఆయన పాటలు ఆయనవి, నా తిట్లు నావి.
నీళ్ళు ట్యాంకరువి. లెక్క రాసుకొని పోసినం.

నీళ్ళ సంగతి చెప్పాలె.
ఈడ కొండ లోపలి నుంచి ఫలజ్ వస్తది,
జానెడు కాలువ, చల్లగ.
అరగంట పారితే ఒక అథర్.
ఇంటికో వంతు, వంతుకో గడియ.
ఎనకట రాత్రి వంతులకు
చుక్కలు చూసి మడువ మలిపేటోళ్ళట.
ఈ ఇంటి వంతును మేడం అన్నలు ఎప్పుడో అమ్ముకున్నరు.
కాలువ గోడపక్క నుంచే పోతది,
చెయ్యి పెడితే తడుస్తది,
మలుపుకుంటే దొంగతనం.

హుమైద్ ముసలాయన, కాలువ పెద్ద,
ఒక కంటికి పొర,
రోజూ వచ్చి నీడల కూసుండి చూసెటోడు.
మంచి లేదు, చెడు లేదు.
పన్నెండో నాడు లేచి
గోడకు చెవి ఆనిచ్చి, అరచేత్తో రెండుసార్లు చరిచిండు,
బర్రెను కొనేటోడు చరిచినట్టు.
తెల్లారి తన వంతుల నుంచి
సగం అథర్ ఇటు మలిపిండు.
"ఇంటికి కాదు" అన్నడు. "లూమీకి."

ఊర్లె మా చెలక ఆరు బోర్లకు తడువలేదు.
ఆ బోర్ల అప్పే నన్ను విమానం ఎక్కిచ్చింది.
ఈడ, నాది కాని కొండల్ల,
దినానికి పదిహేను నిమిషాల ఏరు నాది.

పదిహేను నిమిషాలల్ల నాలుగు మళ్ళు తడుస్తయి.
ఐదో మడికి ఉరకాలె.
బీర, దోస, చుక్కకూర,
మేడం అడిగిన ముల్లంగి,
షఫీకుల్ పొట్లం కట్టి దాచుకున్న, వాళ్ళూరి తీగ.
అసుంటిది లోకంల ఎక్కడా లేదని ఒట్టేసిండు.
మొలిచినంక చూస్తే మా బచ్చలే.
రెండు దినాలు నాతోని మాట్లాడలే.

నిన్న వంటింటి గోడ మీద
పచ్చటి చుక్క.
తొక్కేటప్పుడు ఎవరి జేబుల నుంచి జారిందో,
తడారని పూతల నుంచి దోస మొలక.
మేస్త్రిని, పీకెయ్యాలె. ఏరు దిగితే గోడ నెర్రె విడుస్తది.
పొద్దున తాపీ పట్టుకొని పోయిన.
రెండాకులు ఇప్పి ఉన్నది,
ఒకదాని కొసకు గింజతొక్క ఇంకా అంటుకొని,
టోపీ తియ్యని పోరగాని లెక్క.
తాపీ కడిగి పెట్టిన.
మేడానికి ఇంకా చెప్పలే.
చెప్తే ఏమంటదో.

మూడు దాటి పది నిమిషాలు.
హుమైద్ మడువ కాడ గుడ్డ పీకుతున్నడు.
ఉరకాలె.